ఆ కరెంటు నీటిదా, వెండిదా?

వెలుగు పడగానే కరెంటు పెరిగిందంటే ల్యాబ్‌లో పిల్లలకు పట్టరాని సంతోషం. ‘మేడమ్, చూడండి!’ అంటూ గ్రాఫ్ పట్టుకొస్తారు. నా చూపు మాత్రం ముందు దీపం ఆర్పినప్పటి గీత మీదికే పోతుంది.

1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రోడ్ మీద కాంతి పడేలా చేసి నీటిని విడగొట్టారు. గోడల పెయింట్‌లో వాడే తెల్లపొడే అది. చవక, గట్టిది. కానీ దాదాపు అతినీలలోహిత కాంతినే పీల్చుకుంటుంది. మనకు చేరే ఎండలో ఆ కాంతి వాటా దాదాపు 5 శాతం.

అందుకే వెండి. ఆక్సైడ్ పొరను సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచి అతినీలలోహిత దీపం కింద పెడితే, కాంతికి లేచిన ఎలక్ట్రాన్లు వెండి అయాన్లను అందుకుని అక్కడికక్కడే లోహపు రేణువులుగా మారుస్తాయి. తెల్లటి పొర మెల్లగా గోధుమరంగుకు తిరుగుతుంది. పదార్థం తన మీద తానే వెండి పేర్చుకునే ఈ ఘట్టం ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. ఆ రేణువుల్లోని ఎలక్ట్రాన్లు కనిపించే కాంతికి ఒక్కుమ్మడిగా ఊగుతాయి. దాన్నే ప్లాస్మాన్ అంటాం. ఆ ఊపులోంచి కొన్ని ఆక్సైడ్‌లోకి దూకుతాయి. వెండి మరీ ఎక్కువైతే అదే కాంతికి అడ్డుపడుతుంది.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఒకటుంది. ఆమ్ల ద్రావణంలో నీటి నుంచి ఆక్సిజన్ రావాలంటే 1.23 వోల్టులు కావాలి. వెండి అయాన్‌గా కరిగిపోవడానికి 0.80 చాలు. అంటే నీటికంటే ముందు వెండే ఎలక్ట్రాన్లు వదిలేయవచ్చు. 2003లో ఫుజిషిమా బృందమే, టైటానియం డయాక్సైడ్ మీది వెండి రేణువులు రంగు కాంతికి ఆక్సీకరణం చెంది ఆ రంగునే సంతరించుకుంటాయనీ, అతినీలలోహిత కాంతి ఆ రంగును చెరిపేస్తుందనీ చూపించింది. ఎంత అందమైన ప్రయోగం! ఎలక్ట్రోడ్ చేసేవాళ్లకు మాత్రం అది గట్టి హెచ్చరిక.

కాబట్టి మొదటి క్షణాల్లో ఎగసిన కరెంటును నేను లెక్కలోకి తీసుకోనివ్వను. గంటల తరబడి దీపం వెలిగిస్తూ ఆర్పుతూ నడపమంటాను. తర్వాత ద్రావణంలో వెండి కరిగిందేమో చూడమంటాను. వచ్చిన ఆక్సిజన్‌ను కొలవమంటాను. ఒక్కో ఆక్సిజన్ అణువుకు నాలుగు ఎలక్ట్రాన్ల చొప్పున కరెంటుతో సరిపోవాలి. తేడా వస్తే రేణువులకు పలుచటి ఆక్సైడ్ తొడుగు వేసి మళ్లీ మొదలుపెడతాం. తొడుగు మందమైతే ఎలక్ట్రాన్లు దాటలేవు, పలచనైతే వెండి నిలవదు. ప్రస్తుతం మా పనంతా ఆ మందం దగ్గరే సాగుతోంది.