మరకలో సగం మన నీళ్లది

టీ కప్పులో పట్టే గోధుమరంగు మరకను చాలామంది తోమేవాళ్ల బద్ధకం కింద కట్టేస్తారు. ఇంటికొచ్చిన చుట్టాలు కప్పులోకి ఒకసారి తొంగిచూస్తారు, ఆ ఇంటి ఇల్లాలి మొహం చిన్నబోతుంది. శ్రీకూర్మంలో కాపురం చేస్తున్నదాన్ని, బోరు నీళ్లతోనే అంట్లు తోముకునేదాన్ని కాబట్టి గట్టిగా చెప్పగలను: ఆ మరకలో టీ వాటా సగమే. తక్కిన సగం మన నీళ్లది.

సముద్రం మాకు దగ్గర. మా వీధి బోరు నీళ్లతో పప్పు ఓ పట్టాన ఉడకదు, సబ్బు నురగ రాదు, బకెట్టు అంచున తెల్లగా సున్నం పేరుకుంటుంది. అలాంటి నీళ్లతో కాచిన టీ కాస్త చల్లారనిచ్చి చూడండి, పైన నూనె తెట్టులా సన్నని పొర తేలుతుంది. అది పాల మీగడ కాదు. లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన మైఖేల్ స్పిరో, డియోగ్రాషియస్ జగన్యీ ఈ పొర మీద పనిగట్టుకుని పరిశోధన చేసి 1993లో ‘నేచర్’ పత్రికలో రాశారు. నీళ్లలోని కాల్షియం, బైకార్బనేట్లు టీలోని పదార్థాలతో కలిసి ఆ పొర కడుతుందనీ, కాల్షియం లేని నీళ్లలో అది కట్టదనీ తేల్చారు. నిమ్మరసం పడితే పొర ఏర్పడదు. తాగుతున్న కొద్దీ ఆ పొర దిగుతూ కప్పు గోడకి అంటుకుంటుంది, మరునాడు దాని మీద మరో పొర.

టీ వాటా సంగతికొస్తే, వగరున్న ఏ వస్తువుకైనా అంటుకునే గుణం ఉంది. గుడి దారిలో టీ కొట్టు దగ్గర వడకట్టే గుడ్డ చూడండి. కొన్నప్పుడు తెల్లటిదే. ఇప్పుడు ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ ఎర్రమన్ను రంగు వదలదు. పెడనలో, శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాళ్లు ఈ గుణాన్నే కావాలని వాడుకుంటారు. బట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరేస్తారు. ఇనుప ముక్కలు, బెల్లం వేసి పులియబెట్టిన నీళ్లతో దాని మీద గీత గీస్తే అక్కడికక్కడే నల్లబడుతుంది. కరక్కాయ వగరుకి ఇనుము తగిలితే వచ్చే నలుపది. మన బోరు నీళ్లలో ఇనుము ఎక్కువుంటే కప్పులో మరక ముదురు రంగుకు తిరగడానికీ కారణం అదే. అద్దకం పనివాళ్లు ఓపికగా రాబట్టే రంగు, మన కప్పులో అడక్కుండానే దిగుతోంది.

కాబట్టి మన పని సున్నాన్ని కరిగించడం, రంగును వదిలించడం. గీకడం కాదు. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో నేను స్టీలు పీచు పట్టుకుంటే మా అత్త కేకేసేది: “ఓలమ్మీ, అలా గీకితే పోద్దేటి? నానబెట్టు, అదే వొదుల్తాది.” ఆవిడ ఇత్తడి బిందెలు తోమిన చెయ్యి. ఇత్తడి సామానుకు పేరుపడ్డ బుడితి మన జిల్లాలోనే ఉంది. ఇత్తడికి చింతపండు రాయాలని ఇక్కడ ఎవరికీ నేర్పక్కర్లేదు. పులుసు పిండేసిన చింతపండు పిప్పినే కప్పు లోపల పులిమి ఓ పావుగంట వదిలేస్తే, ఆ పులుపుకి సున్నం పొర మెత్తబడుతుంది. నిమ్మ డిప్ప ఇంకా బాగా పనిచేస్తుంది. వేలు పెట్టి చూస్తే తెలిసిపోతుంది. మొదట గరుగ్గా తగిలిన గోడ, తర్వాత జారుతుంది.

అప్పుడు కప్పు కడిగేసి, చెమ్మగా ఉండగానే చెంచాడు వంటసోడా చల్లి, తడి కొబ్బరిపీచుతో గుండ్రంగా రుద్దాలి. సోడా పొడి మెత్తటిది, కప్పు మెరుపును గీయదు. గోధుమరంగు నీళ్లు దిగిపోతుంటే నాకు ఎంత తృప్తిగా ఉంటుందో చెప్పలేను. పిడి దగ్గర మూలలో మిగిలిపోయే సన్నటి గీత కోసం పీచును పుల్లకి చుట్టుకోండి.

నిమ్మరసం, సోడా కలిపి ఒకేసారి పోసేవాళ్లున్నారు. బుసబుసా పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ పులుపూ సోడా ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, మరక మీద పనిచేయడానికి రెండింటి బలమూ మిగలదు. ఒకటయ్యాకే ఇంకొకటి. మూత బిగించిన ఫ్లాస్కులో ఆ పని అసలు చెయ్యకండి, గ్యాసు పుట్టి మూత ఎగిరిపడుతుంది. స్టీలు ఫ్లాస్కుకి రెండు చెంచాల సోడా, నిండా మరిగిన నీళ్లు పోసి, మూత తీసి అరగంట ఉంచితే చాలు. అల్యూమినియం టీ గిన్నెకు మాత్రం సోడా వద్దు, నల్లబడుతుంది. దానికి చింతపండే.

బ్లీచింగ్ సంగతి వేరు. తెల్లబడుతుంది, నిజమే. కానీ దానికి నిమ్మరసమో చింతపండో తగిలితే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. తలుపులు మూసిన వంటింట్లో అది ప్రమాదం. తాగే కప్పు కోసం ఆ డబ్బా దించొద్దని నా కూతురికి కూడా చెప్పాను.

స్టీలు పీచు మీద నాకు కోపం ఎందుకంటే, అది కప్పు మెరుపు మీద కంటికి కనపడని గీతలు పెడుతుంది. ఆ రోజుకు తెల్లగానే ఉంటుంది. తర్వాత టీ ఆ గీతల్లోకి దిగి, ముందుకన్నా తొందరగా మరక పడుతుంది. మళ్లీ గీకుతాం, మళ్లీ గీతలు. పాతబడి జల్లెడలా పగుళ్లు తేలిన కప్పుల్లోనూ ఇంతే, మరక మెరుపు కిందికి చేరుంటుంది. దానికి ఏ పులుపూ అందదు. అలాంటి కప్పు తోమేవాళ్లను తప్పుపట్టకండి.

టీ కొట్టు గాజుగ్లాసులు రోజుకి అన్నిసార్లు టీ పోసినా అంతగా మరక పట్టకపోవడానికి కారణం ఉంది. తాగిన నిమిషానికే వాటిని నీళ్లలో ముంచేస్తారు. మనం అడుగున గుక్కెడు టీ వదిలేసి సాయంత్రం దాకా సింకులో ఉంచుతాం, అది ఎండి బిగుసుకుంటుంది. తాగగానే కప్పులో కాసిని నీళ్లు పోసి పెట్టినా సగం పని తప్పుతుంది. కడిగాక ఆఖరిసారి తొలపడానికి బోరు నీళ్లు కాకుండా తాగే నీళ్లు గ్లాసుడు వాడి, పొడిగుడ్డతో వెంటనే తుడవండి. ఆరిన చుక్కలో ఉన్న సున్నమూ కప్పుకే అంటుకుంటుంది.