క్షయరోగి మాట వినిన పరిశోధన

పల్లెప్రజలకు రోగజ్ఞానము లేదనియు, అందుచేతనే క్షయ తగ్గుట లేదనియు పలువురు చెప్పుచుందురు. ఇది నిజమా? బెంగుళూరు జాతీయ క్షయ సంస్థకు చెందిన దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ గారలు ఈ ప్రశ్నను తుమకూరు జిల్లాలో పరీక్షించి, 1963లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ఫలితములు ప్రకటించిరి.

ఈ పరిశోధన గొప్పతనము రోగులను ఎన్నుకొనిన తీరులో నున్నది. ఆసుపత్రికి వచ్చినవారినే ప్రశ్నించినచో రానివారి సంగతి ఎన్నటికిని తెలియదు. కనుక వీరు సర్వేలో బయటపడిన వారిని వెదకికొని పోయి ప్రశ్నించిరి. రోగులలో చాలమందికి తమ బాధ తెలియును. సగమునకు పైగా అప్పటికే వైద్యసహాయము కోరియుండిరి. కాని వారిలో పెక్కురకు దక్కినది దగ్గుమందు సీసా మాత్రమే. లోపము రోగి తెలివిలో కంటె వైద్యసేవలో ఎక్కువగా నున్నదని తేలినది.

అయితే ఈ పరిశోధన రోగిని ఆసుపత్రి గడపవరకే అనుసరించినది. మందు మొదలైన పిమ్మట అతడు పడు పాట్లు దాని పరిధిలోనికి రాలేదు. ఆ భాగము కూడ ముఖ్యమైనదే. నందిగామ సమీపమున నున్న కీసరలో మిరపకోతకు పోవు ఒక కూలిమనిషిని ఊహింపుడు. సామాన్యముగా క్షయకు ఆరు నెలలు మందు వాడవలెను. రెండు నెలలకే దగ్గు తగ్గును, ఆకలి పుట్టును. కాని కొన్ని సూక్ష్మజీవులు ఇంకను బ్రతికియుండును. నందిగామకు పోయినచో ఆనాటి కూలి పోవును. ఇరుగుపొరుగువారికి తెలియునేమోనను భయము వేరు. అట్టివాడు మందు మానినచో తప్పంతయు అతనిదేనా?

వైద్యగ్రంథములు అట్టివారిని చిరకాలము ‘డిఫాల్టర్లు’, అనగా బాకీ ఎగవేసినవారివలె పేర్కొనినవి. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాటను విడిచి, ‘చికిత్సకు అందక పోయినవారు’ అను అర్థమిచ్చు మాటను గ్రహించినది. మన దేశమున 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన పోషణ సహాయము 2024 నవంబరులో 1000 రూపాయలైనది. ఇవి మంచి మార్పులే. కాని మాట మారినంతమాత్రమున కూలి నష్టము తీరదు.

1963 నాటి పరిశోధన నేర్పిన పాఠము ఒక్కటే: రోగిని నిందించుటకు ముందు అతనిని అడుగవలెను. ఉపాధ్యాయులు తరగతిలో క్షయను గూర్చి చెప్పునపుడు సూక్ష్మజీవితోపాటు ఈ పాఠమును కూడ చెప్పుట మేలు.