పరాయి కంప్యూటర్‌లో సొంత మెయిల్

నోటిఫికేషన్ చివరి తేదీ దగ్గరపడిందంటే గిద్దలూరైనా మార్కాపురమైనా నెట్ సెంటర్ల ముందు చెప్పులు విడవడానికి చోటుండదు. లోపల కుర్రాడు పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ టకటకా కొట్టుకుంటూ పోయి ఒక గడి దగ్గర ఆగుతాడు. "మెయిల్ ఐడీ?" ఎదురుగా నిలబడ్డ అభ్యర్థి తల గోక్కుంటాడు. "లేదన్నా." "సరేలే తమ్ముడూ, మాది పెడతా." క్షణంలో అయిపోయే పని. దాంతో ఆ అభ్యర్థికి రావాల్సిన ఉత్తరాలన్నీ ఇంకొకరి ఇంటికి పోయే ఏర్పాటు జరిగిపోతుంది.

ఏపీపీఎస్సీ వన్ టైమ్ ప్రొఫైల్ రిజిస్ట్రేషన్ (ఓటీపీఆర్)లో పేరు నమోదు చేసుకుంటే ఐడీ వచ్చేది ఫోనుకీ మెయిలుకీ. మెయిల్ నెట్ సెంటర్‌ది, ఫోన్ నంబరు నాన్నది, ఆ నాన్న సిమ్ము జేబులో వేసుకుని హైదరాబాద్‌లో బేల్దారి పనిలో ఉన్నాడనుకోండి. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్న ఉమ్మడి ప్రకాశం జిల్లాలోని ఈ పడమటి మండలాల్లో వలస కొత్తేమీ కాదు కాబట్టి, ఆ అవస్థ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

అసలు "మెయిల్ లేదన్నా" అనే మాట సగమే నిజం. ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్న ప్రతివారికీ దాదాపుగా ఒక జీమెయిల్ ఉండే ఉంటుంది. అది లేనిదే ప్లే స్టోర్‌లోంచి ఏదీ దిగదు. ఫోన్ కొన్న రోజునే షాపువాళ్లు ఏదో పేరు, ఏదో పాస్‌వర్డ్ పెట్టి తెరిచి చేతికిచ్చి ఉంటారు. అడ్రసు ఏమిటో యజమానికి తెలియదు, పాస్‌వర్డ్ షాపువాళ్లకు గుర్తుండదు. ఫోన్ బస్సులో పోయిందంటే, దాచుకున్న నంబర్లు ఆ ఖాతాలో భద్రంగానే ఉండవచ్చు. తీసే దారే ఉండదు. కొత్త ఫోన్ కొంటారు, మళ్లీ కొత్త ఖాతా. ఇలా రెండు మూడు ఖాతాలను గాలికొదిలేసి, తమకు మెయిలే లేదనుకునేవాళ్లు కంభం, బేస్తవారిపేట వైపు కొల్లలు.

మెయిల్ ఎవరిదో తేల్చడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. తనది కాని కంప్యూటర్ ముందు కూర్చుని తెరవగలిగితే అది ఆ మనిషిది. తెరవలేకపోతే అది ఫోనుది.

ఉచిత మెయిల్ పుట్టిందే ఇలాంటి అవసరంలోంచి. 1990ల మధ్యలో సబీర్ భాటియా, జాక్ స్మిత్ అనే ఇద్దరు ఇంజినీర్లు కాలిఫోర్నియాలో ఒకే కంపెనీలో పనిచేసేవారు. సొంత వ్యాపారం గురించి ఆఫీసు మెయిల్‌లో రాసుకుంటే పైవాళ్ల కంట పడుతుందని వాళ్ల బెంగ. మెయిల్‌ను ఆఫీసు నుంచి విడదీసి బ్రౌజర్‌లో పెట్టేస్తే ఏ ఊళ్లో ఏ కంప్యూటర్ నుంచైనా చూసుకోవచ్చన్న ఊహ అక్కడ తట్టింది. 1996 జులై 4న హాట్‌మెయిల్ మొదలైంది. 1997 చివరికల్లా మైక్రోసాఫ్ట్ దాన్ని కొనేసింది. అప్పట్లో ఒక్కొక్కరికీ దక్కిన జాగా 2 మెగాబైట్లు. ఇప్పటి ఫోన్‌తో తీసిన ఫొటో ఒక్కటి కూడా అందులో పట్టడం కష్టం. 2004 ఏప్రిల్ 1న గూగుల్ ఏకంగా ఒక గిగాబైట్ ఇస్తామంటే చాలామంది ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు. ఇప్పుడది 15 గిగాబైట్లు.

అమెరికాలో ఈ మెయిల్ సామాన్యుడి దాకా చేరడంలో గ్రంథాలయాల పాత్ర పెద్దది. 1997లో గేట్స్ దంపతులు పెట్టిన లైబ్రరీ ఫౌండేషన్ ఆ దేశపు పబ్లిక్ లైబ్రరీలకు వేల సంఖ్యలో కంప్యూటర్లు ఇచ్చింది. ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్లు అక్కడికెళ్లి వంతు వచ్చేదాకా ఆగి ఉత్తరాలు చూసుకునేవారు.

మన దగ్గర ఆ పని నెట్ సెంటర్లు చేశాయి. అది వాటి తప్పేం కాదు. గంటకింత అని తీసుకుని ఊరందరి దరఖాస్తులూ నింపింది అవే. కాకపోతే వెనక పదిమంది నిలబడి ఉండగా అక్కడ నేర్చుకోవడం కుదరదు, చేయించుకోవడమే కుదురుతుంది. గ్రంథాలయంలో ఆ తొందర లేదు. పైగా 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు సెస్సు పోతోంది. పేరుకు ఉచితమే గానీ, మార్కాపురంలో ఇల్లున్నవాళ్లంతా గ్రంథాలయం కుర్చీకి ముందే డబ్బు కట్టేశారన్నమాట. ఉమ్మడి జిల్లాలో తూర్పున ఉన్న వేటపాలెం సారస్వత నికేతనం 1918 నాటిది, దాని భవనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశారు. 1970లో కర్నూలు జిల్లా నుంచి వచ్చి చేరిన పడమటి తాలూకాలకు అంతటి గ్రంథాలయం దక్కలేదు. శాఖా గ్రంథాలయాలన్నిట్లోనూ కంప్యూటర్ లేదు. ఉన్నచోట దాన్ని అడిగి వాడుకోవాలి, లేనిచోట కావాలని అడగాలి.

కంప్యూటర్ దొరికిందనుకుందాం. మొదటి చిక్కు పేరు దగ్గరే వస్తుంది. మార్కాపురంలో చెన్నకేశవస్వామి గుడి ఉంది కాబట్టి ఆ చుట్టుపక్కల చెన్నకేశవులు అనే పేరుకు కొదవలేదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో 'ఎస్' ఒక్కటే ఉంటుంది, ఆధార్‌లో దాని పక్కన 'హెచ్' చేరుతుంది, బ్యాంకు పుస్తకంలో పేరు రెండు ముక్కలవుతుంది. మెయిల్‌కు పదో తరగతి స్పెల్లింగే మేలు, రేపు ఎవరు అడిగినా చూపించేది ఆ కాగితమే కాబట్టి. ఆ పేరు ఈసరికే ఎవరో తీసుకుని ఉంటారు. వెనక పుట్టిన సంవత్సరం తగిలించాలనిపిస్తుంది. వయసు ఊరందరికీ చాటడం దేనికి? ఇంటిపేరో, రాచర్ల అనో కొమరోలు అనో ఊరి పేరో కలిపితే సరిపోతుంది. మధ్యలో చుక్క పెడితే వేరే అడ్రసు అవుతుందని కొందరి నమ్మకం. జీమెయిల్ చుక్కల్ని లెక్కలోకి తీసుకోదు. అన్ని కంపెనీలూ అంతే అనుకుంటే మాత్రం పొరపాటు. ఇక అభిమాన హీరో పేరుతో అడ్రసు పెట్టుకున్నవాళ్లకు చెప్పేదొక్కటే: ఎప్పుడో ఒకరోజు ఇంటర్వ్యూ బోర్డు ముందు దాన్ని పైకి చదవాల్సి వస్తుంది.

పేరుకీ కంపెనీకీ మధ్య వచ్చే 'ఎట్' గుర్తును 1971లో రే టామ్లిన్సన్ ఎంచుకున్నాడు. షిఫ్ట్ పట్టుకుని 2 నొక్కితే పడుతుంది. ఫోన్ తప్ప కీబోర్డ్ ఎరగని వేళ్లు అక్కడ కాసేపు తడుముకుంటాయి.

ఖాతా తెరిచేటప్పుడు ఫోన్ నంబరు అడుగుతుంది. ఇంట్లో నలుగురికీ కలిపి ఒకే ఫోన్ అయినా ఫరవాలేదు, ఒక నంబరు మీద ఒకటికి మించి ఖాతాలు తెరవవచ్చు. అదే ఊరందరికీ వాడిన నంబరైతే, ఇప్పటికే చాలాసార్లు వాడేశారని గూగుల్ తిప్పి పంపుతుంది. సిమ్ము ఇంకొకరి చేతిలో ఉండే ఇళ్లలో ఇంకో జాగ్రత్త అవసరం. రెండంచెల తనిఖీ పెట్టుకుంటే బ్యాకప్ కోడ్‌లని పది ఇస్తుంది, ఒక్కొక్కటి ఎనిమిది అంకెలు. ఆ కాగితం ప్రింటు తీసి సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టుకుంటే నాన్న హైదరాబాద్‌లో ఉన్నా మెయిల్ తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ ఎక్కడా రాయొద్దని నిపుణులు అంటారు. నెలకోసారి మెయిల్ చూసేవాళ్లకు ఆ సలహా పనికిరాదు. ఇంట్లో బీరువాలో ఉండే నోటుబుక్కులో రాసుకోవడమే నయం, గ్రంథాలయానికి తెచ్చే పుస్తకం అంచున మాత్రం కాదు.

అసలు పనితనం లేచి వెళ్లేటప్పుడు తెలుస్తుంది. దేశంలో ఎన్నో బడులకు పలకలు పంపిన ఊరు మార్కాపురం. పలక తుడవకుండా పక్కవాడికి ఇవ్వకూడదని అక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. కంప్యూటర్‌ను తుడవడం అంత తేలిక కాదు. మెయిల్ తెరవకముందే కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కితే క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో అనే నల్ల కిటికీ వస్తుంది. అన్నీ మూసేశాక అది పేరూ పాస్‌వర్డూ గుర్తుపెట్టుకోదు. చాలామంది అక్కడితో నిశ్చింతగా లేచిపోతారు. దించుకున్న ఫైళ్లు మాత్రం డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో అలాగే పడి ఉంటాయి. మార్కుల మెమో, ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, సంతకం చేసిన ఫొటో: తర్వాత కూర్చునేవాళ్లకు అన్నీ వరసగా కనిపిస్తాయి. వాటిని తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యాలి. డీప్ ఫ్రీజ్ లాంటి సాఫ్ట్‌వేర్ వేస్తే కంప్యూటర్ ఆపి మళ్లీ వేసిన ప్రతిసారీ పాత స్థితికి వచ్చేస్తుంది. గ్రంథాలయాలకు కంప్యూటర్లు కొనేవాళ్లు దాని ఖర్చునూ ఆ బిల్లులోనే కలుపుకుంటే మంచిది.

మొదటి ఉత్తరం ఎవరికి రాయాలని తడబడేవాళ్లు తమకు తామే రాసుకోవచ్చు, సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు జత చేసి. జీమెయిల్‌లో ఒక ఉత్తరానికి 25 మెగాబైట్ల దాకా జత చేయవచ్చు. ఫోన్ పోయినా, ఇల్లు కురిసి కాగితాలు తడిసినా ఆ కాపీలు ఉంటాయి. ఉత్తరం తెలుగులో రాయాలంటే విండోస్‌లో తెలుగు కీబోర్డ్ ఉంది, లేదంటే లేఖిని అనే వెబ్‌సైట్ ఉంది. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని తెలుగు విద్యార్థులు ఆ వసతి లేక ఇంగ్లిషు అక్షరాల్లోనే తెలుగు రాసుకునేవారు. ఏ అక్షరానికి ఏది వాడాలో ఒక పద్ధతి కూడా పెట్టుకున్నారు. రైస్ యూనివర్సిటీలో పుట్టిన ఆ ఆర్‌టీఎస్ పద్ధతి పోలికలు ఇప్పటి తెలుగు టైపింగ్ పరికరాల్లో కనిపిస్తాయి.

తెరిచిన ఖాతాను మరిచిపోవడం ఇంకో తంటా. రెండేళ్లపాటు ఎవరూ తెరవని ఖాతాలను 2023 డిసెంబరు నుంచి గూగుల్ తీసేస్తోంది. 2018 డీఎస్సీ తర్వాత టీచర్ నియామకాలు జరిగింది 16,347 పోస్టుల మెగా డీఎస్సీతో, 2025లో. మొదటిదాని కోసం తెరిచి వదిలేసిన మెయిల్ రెండోదాని నాటికి ఉందన్న భరోసా లేదు. దరఖాస్తులేమీ లేకపోయినా అప్పుడప్పుడూ తెరిచి చూస్తుండాలి.

ఇక ఇంటికొచ్చాక పట్టుకునే అనుమానం: సైన్ అవుట్ చేశానా, లేదా? శాఖా గ్రంథాలయాలకు శుక్రవారం సెలవు. గురువారం సాయంత్రం మరిచి వచ్చినవాళ్లు శనివారం దాకా దిగులు పడక్కర్లేదు. అదే ఖాతా ఉన్న ఏ ఫోన్‌లోనైనా గూగుల్ ఖాతా సెట్టింగుల్లోకి వెళ్లి సెక్యూరిటీ కింద చూస్తే అది ఏయే పరికరాల్లో తెరిచి ఉందో జాబితా వస్తుంది. అందులో గ్రంథాలయం కంప్యూటర్‌ను పట్టుకుని సైన్ అవుట్ నొక్కాలి. దానితోపాటు ఫోన్ షాపులోదో నెట్ సెంటర్‌లోదో తెలియని పరికరం పేరు కనిపిస్తే దాన్నీ అప్పుడే తీసేసి, వెంటనే పాస్‌వర్డ్ మార్చుకోవాలి.