ఏకాంత కారావాసం: డికెన్స్ దృష్టి

1829లో ఫిలడెల్ఫియాలో ప్రారంభమైన ఈస్టర్న్ స్టేట్ కారాగారం కరుణలో నుండి పుట్టినది. కొరడాలకు, కిక్కిరిసిన కొట్లకు బదులుగా ప్రతి ఖైదీకీ ఒక గది, ఒక బైబిలు, చేతికి పని ఇచ్చి ఒంటరిగా ఉంచితే పశ్చాత్తాపం దానంతట అదే కలుగుతుందని సంస్కర్తలు నమ్మారు. 1842లో దానిని చూచిన డికెన్స్, వారి సదుద్దేశాన్ని శంకింపకయే, మనస్సుకు తగిలే ఆ గాయం దేహదండన కంటె క్రూరమైనదని ‘అమెరికన్ నోట్స్’లో వ్రాశాడు. అది సాక్ష్యం. 1859 నాటి ‘ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్’లో అదే పాత్రగా రూపొందినది. పదునెనిమిదేండ్ల చెర ముగిసిన డాక్టర్ మానెట్ పేరు అడిగితే గది అంకె చెప్పాడు. ఏండ్లు గడచినా, కూతురి పెండ్లినాడు మరల జోళ్లు కుట్టే బల్ల ముందే కూర్చున్నాడు. యాత్రాగ్రంథం పాఠకునికి జాలి కలిగించింది. ఆ శిక్ష విడుదలతో ముగియదని నవల చూపింది.