వాచ్‌లో గీత, కాళ్ల కింద బాట

ఏటా జనవరిలో ఇంగ్లండ్‌లోని ఈడేల్ నుంచి స్కాట్లండ్ సరిహద్దు ఊరు కిర్క్ యెట్‌హోమ్ దాకా, పెనైన్ కొండల వెంట స్పైన్ రేస్ జరుగుతుంది. దూరం 431 కిలోమీటర్లు, గడువు 168 గంటలు. ఆ రోజుల్లో అక్కడ దాదాపు పదహారు గంటలు చీకటే. పరుగెత్తేవాళ్ల దగ్గర జీపీఎస్ ఉండాలి, కాగితం మ్యాపు ఉండాలి, దిక్సూచి ఉండాలి. ఈ నిబంధన అంటే నాకు గౌరవం. సెలవుల్లో ఆ దారిని ముక్కలు ముక్కలుగా పరుగెత్తుతుంటాను. ఆ మూడింటిలో దేన్ని ఎప్పుడు నమ్మాలన్నదే నా సాధన.

వాచ్ చేసే పని నిజంగా గొప్పది. ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే శాటిలైట్ల సంకేతాలు అందుకుని, ముందే ఎక్కించుకున్న రూట్ మీద మనం ఎక్కడున్నామో కొద్ది మీటర్ల తేడాతో చూపిస్తుంది. చిక్కంతా ఆ కొద్ది మీటర్లలోనే. పెనైన్ పొలాల మధ్య పొడవాటి రాతి గోడలుంటాయి. గోడకు ఇటు ఒక బాట, అటు ఒక బాట ఉంటే చిన్న తెర మీద రెండూ ఒక్కటిగానే కనిపిస్తాయి. అవి విడిపోయేసరికి మధ్యలో గోడ ఉంటుంది. బాట గోడకు ఏ పక్కన పోతుందో 1:25,000 స్కేలు మ్యాపులో మాత్రం స్పష్టంగా ఉంటుంది.

దారి తప్పామని వాచ్ మోగేది కూడా తప్పాకే. అందుకే మలుపు రాకముందే చూడాలి. ఏ మలుపులో ఎటు తిరగాలో రేసుకు ముందు రాత్రే ఇంట్లో కూర్చుని తెరను దగ్గరకు జరిపి ఒక్కొక్కటీ చూసుకుంటాను. ఇక కిండర్ స్కౌట్ లాంటి చదును బురదనేల మీద మంచు కమ్మినప్పుడు మనిషి నిలబడిపోతాడు. అది సహజం. కానీ కదలని మనిషి ఎటు తిరిగి ఉన్నాడో శాటిలైట్లకు తెలియదు. తెర మీద బాణం ఊగిసలాడుతుంది. అప్పుడు దిక్సూచి తీసి దిక్కు పట్టుకుని ఓ ముప్పై అడుగులు వేస్తే బాణమూ కుదురుకుంటుంది.

బ్యాటరీ పొదుపు పద్ధతిని నేను వాడను. అందులో వాచ్ స్థానాన్ని తక్కువసార్లు నమోదు చేస్తుంది, వంపుల దగ్గర గీత అడ్డంగా కోసుకుపోతుంది. దానికంటే పవర్ బ్యాంకు బరువు మోయడమే మేలు.

2019లో స్పైన్ రేస్‌ను మగవాళ్లందరికన్నా ముందు, 83 గంటల 12 నిమిషాల్లో ముగించిన జాస్మిన్ పారిస్‌ను తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. అప్పటికి ఆమె పాలిచ్చే తల్లి. 2024లో అమెరికాలోని టెనెసీ అడవుల్లో బార్క్‌లీ మారథాన్స్‌ను 60 గంటల గడువుకు 99 సెకన్ల ముందు పూర్తిచేసింది. 1986లో మొదలైన ఆ పోటీని అంతవరకు ఏ మహిళా ముగించలేదు. అక్కడ జీపీఎస్ నిషిద్ధం. మ్యాపు, దిక్సూచి పట్టుకుని, అడవిలో దాచిన పుస్తకాలను వెతికి, తన నంబరున్న పేజీని చించి తేవాలి. జీపీఎస్ తప్పనిసరైన చోటా, నిషిద్ధమైన చోటా ఒకే మనిషి నెగ్గుకొచ్చింది.

కొత్తగా ఇలాంటి అతి దూరపు పరుగులకు, అంటే అల్ట్రాలకు, సిద్ధమయ్యేవాళ్లకు నేను చెప్పేదొకటే. తెలిసిన కొండ మీద, వాతావరణం బాగున్న రోజున, వాచ్‌ను సంచిలో వేసుకుని మ్యాపుతో పరుగెత్తండి. ఇంటికొచ్చాక వాచ్ నమోదు చేసిన గీతను మ్యాపు పక్కన పెట్టి, ఏ వాగు దగ్గర పక్కకు జరిగారో వేలితో వెతకండి.