బృందమును నడుపు విద్య

2016 ఏప్రిల్ 14న 8 రాష్ట్రములందలి 21 మార్కెట్లతో ఆరంభమైన, పంటల ఆన్‌లైన్ విపణియగు ఈ-నామ్‌ను హైదరాబాదులోని నాగార్జున ఫర్టిలైజర్స్ సంస్థ సాంకేతిక భాగస్వామియై నిర్మించెను. గుంటూరు మిర్చియార్డు వంటి చోట గేటు నమోదు, లాటు సంఖ్య, నాణ్యతాపరీక్ష, బిడ్డు, కాటా, చెల్లింపు అను మజిలీలలో ఏ యొక్కటి తడబడినను, టిక్కీలను మిర్చిబస్తాల ప్రక్కనే రాత్రి గడపిన రైతు నిరీక్షణ మఱింత దీర్ఘమగును గదా! అట్టి సాఫ్ట్‌వేరు బృందమునకు నాయకుఁడైనవాఁడు తన ఇంజనీర్లను చల్లని గదులనుండి వెలికిఁ దెచ్చి, మిర్చిఘాటులో, తేజ రకపు మిర్చికాయలను గుప్పిట నొక్కి చెమ్మ తెలిసికొను వ్యాపారి సరసన నిలువఁబెట్టి, అడిగిన పది సౌకర్యములలో తొమ్మిదింటిని వాయిదావేసి, బిడ్డు తెర నొక్కదానిని ముందుగా సరిచేయించి, దానిని మరల యార్డులోనే పరీక్ష చేయించినచో, ఆ యోర్పును నేను శిల్పమనియే యెంతును. పొరపాటును వెల్లడించిన చిన్న యుద్యోగిని కసరక, దానికి తావిచ్చిన పద్ధతిని దిద్దువాఁడు నాకు మఱియుఁ బూజ్యుఁడు.