గొంతు వెనక కాగితం

2024 ఫిబ్రవరి 20న ముంబైలో అమీన్ సయానీ, ఏప్రిల్ 5న హైదరాబాద్‌లో శాంతిస్వరూప్ కన్నుమూశారు. ఒకరిది రేడియో, ఇంకొకరిది టీవీ. ఒకరు సినిమా పాటల మధ్య కబుర్లు చెప్పారు, ఇంకొకరు కోటు వేసుకుని వార్తలు చదివారు. నివాళి వ్యాసాల్లో మాత్రం ఇద్దరికీ దక్కిన కితాబు ఇంచుమించు ఒకటే: గొంతు దేవుడిచ్చిన వరమట. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాస్తే తప్పేం లేదు గానీ, ఈ మాట వాళ్ల చాకిరీని దేవుడి ఖాతాలో వేసేస్తుంది.

సయానీ సంగతే చూడండి. 1932లో బొంబాయిలో పుట్టారు. అన్న హమీద్ ఇంగ్లీషు కార్యక్రమాల్లో పేరున్న బ్రాడ్‌కాస్టర్. ఆయన వెంట చిన్నప్పుడే ఆకాశవాణి స్టూడియో గడప తొక్కిన తమ్ముడు మొదట మైకులో మాట్లాడింది ఇంగ్లీషే. పెద్దయ్యాక హిందీ ఆడిషన్‌కి వెళ్తే, ఉచ్చారణలో గుజరాతీ, ఇంగ్లీషు వాసనలు కొడుతున్నాయని పక్కన పెట్టేశారు. ఈ ముచ్చట ఆయనే చెప్పుకునేవారు. ఆడిషన్ తీసుకున్నవాళ్లని ఇప్పుడు వెక్కిరించడం తేలికే. ఆ రోజుకి వాళ్లు విన్నది నిజమే అయ్యుంటుంది.

మరి ఆ హిందీ ఎక్కడ సానపడింది? ఇంట్లోనే. తల్లి కుల్సుమ్ సయానీ వయోజన విద్య కోసం పనిచేసిన మనిషి. కొత్తగా చదువు నేర్చినవాళ్ల కోసం 'రహబర్' అనే పత్రిక నడిపారు. అదే తేలిక హిందుస్తానీ వాక్యాన్ని నాగరి, ఉర్దూ, గుజరాతీ లిపుల్లో అచ్చేసేవారు. ఆ పనిలో కొడుకూ చెయ్యి వేశాడు. నిన్నగాక మొన్న అక్షరాలు కూడబలుక్కున్నవాడికి అర్థమయ్యేలా రాయాలంటే పండిత సంస్కృతమూ పనికిరాదు, దర్బారు ఫార్సీ కూడా పనికిరాదు. తర్వాత రేడియోలో వినిపించిన సయానీ భాష సరిగ్గా అదే.

అవకాశం మాత్రం ఒక మంత్రిగారి పుణ్యమా అని వచ్చింది. 1952లో సమాచార ప్రసార శాఖ చేపట్టిన బి.వి.కేస్కర్‌కి సినిమా పాటలంటే గిట్టదు. ఆకాశవాణిలో వాటికి దాదాపు తలుపులు మూసేశారు. జనం ఊరుకుంటారా, ముల్లు తిప్పి రేడియో సిలోన్ పట్టుకున్నారు. ఆ ఏడాది డిసెంబర్ 3న అక్కడ 'బినాకా గీత్‌మాలా' మొదలైంది. బుధవారం రాత్రి ఎనిమిదింటికి. రికార్డింగు బొంబాయిలో, టేపులు విమానంలో కొలంబోకి. సయానీకి ముట్టేది వారానికి ఇరవై అయిదు రూపాయలు. ఆ డబ్బుకే స్క్రిప్టు రాయాలి, కార్యక్రమం తయారుచేయాలి, మైకు ముందు చెప్పాలి, వచ్చిన ఉత్తరాలన్నీ చూడాలి. మొదటి కార్యక్రమానికే తొమ్మిది వేల ఉత్తరాలు వచ్చిపడ్డాయి! ఆ తర్వాత వారానికి అరవై వేలు దాటాయంటారు. శ్రోత అంటే ఎవరో, ఏ ఊళ్లో కూర్చుని ఏం పాట కోరుతున్నాడో ఆ కవర్లు చించి చదివినవాడికి తెలిసినంతగా ఏ సర్వే సంస్థకి తెలుస్తుంది?

షార్ట్‌వేవ్‌లో సిలోన్ విన్నవాళ్లకి ఇంకో సంగతి గుర్తుంటుంది. స్టేషను ఉన్నట్టుండి దూరంగా వెళ్లిపోతుంది, గరగరమంటుంది, మళ్లీ దగ్గరికొస్తుంది. అలాంటి చోట గొణిగితే ఎవరికీ అందదు. సయానీ ఒక్కో అక్షరాన్నీ విడిగా పలికి, మాటకీ మాటకీ మధ్య ఎడం ఇచ్చి, వాక్యం చివర కాస్త సాగదీసేవారు. మిమిక్రీవాళ్లు ఇవాళ్టికీ అనుకరించేది ఆ సాగతీతనే. తెలుగు ఇళ్లలో అదే సిలోన్ స్టేషన్లో మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వేస్తుంటే, ఆ గరగరల మధ్యే చెవులు రిక్కించి విన్న తరం ఇంకా ఉంది.

గీత్‌మాలా 1989లో వివిధ భారతికి మారింది. మధ్యలో సయానీ ఒక్క పాటల దగ్గరే ఆగలేదు. 1975లో అన్న పోయాక బోర్న్‌విటా క్విజ్‌ని ఇంగ్లీషులో నడిపారు. జింగిల్స్ వేల లెక్కన చేశారు. 'భూత్ బంగ్లా', 'తీన్ దేవియాఁ' సినిమాల్లో అనౌన్సరుగా కనిపించారు కూడా.

శాంతిస్వరూప్ దారి వేరు. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైనా, తెలుగు వార్తల బులెటిన్ కోసం 1983 నవంబర్ 14 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రోజు తెర మీద మొదట వార్తలు చదివింది ఆయనే. అప్పట్లో టెలీప్రాంప్టర్ లేదు. వార్త చేతిలో కాగితాల మీద ఉంటుంది, చూసేవాడు కెమెరా అవతల ఉంటాడు. తల వంచి చదువుకుంటూ పోతే అవతలివాడు లేచి వెళ్లిపోతాడు. ఎత్తి చెబితే వరస తప్పుతుంది. ఆయన వార్తని ముందే కంఠతా పట్టేవారు. కళ్లు ఒక్క క్షణం కాగితం మీద వాలి, వాక్యం అందుకుని, మిగతాదంతా మనకేసి చూస్తూ చెప్పేవారు. 'ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టుంది' అని జనం మెచ్చుకున్న ఆ చూపు వెనక ఉన్నది బట్టీ. ఇష్టం లేనివాళ్లు దీన్ని పాతకాలపు విద్య అనొచ్చు. ప్రాంప్టర్ చూసి కూడా పేర్లు తడబడే ఇప్పటి బులెటిన్లు విన్నాక ఆ మాట అనడానికి మనసొప్పదు. ఆయన రచయిత కూడా. భోపాల్ విషవాయువు దుర్ఘటన మీద 'రాతి మేఘం' నవల రాశారు.

యాస సంగతికొస్తే, సయానీ కథ తెలుగులో ఇంకోలా నడుస్తోంది. ఇవాళ తెలుగు యాంకర్ అనగానే గుర్తొచ్చే పేరు సుమ. మాతృభాష మలయాళం, సొంతూరు కేరళలోని పాలక్కాడ్ వైపు. ఈటీవీలో 'స్టార్ మహిళ' ఏళ్ల తరబడి నడిపారు. సామెత అడిగితే సామెత, పొడుపుకథ అడిగితే పొడుపుకథ, ఎదుటివాళ్లు ముగించేలోపే బదులు. తెలుగు ఇంట్లో పుట్టి, తెలుగులో ఒక్క వాక్యం పూర్తిచేయలేక మధ్యలో ఇంగ్లీషు ఊతకర్ర పట్టుకునే కుర్ర యాంకర్లు ఆవిడ పక్కన నిలబడినప్పుడు తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఉగ్గుపాలతో వచ్చిన భాషని మనం పట్టించుకోం. కష్టపడి నేర్చుకున్నవాళ్లు మాత్రం పలికే ముందు తూచి చూసుకుంటారు. 2022లో 'జయమ్మ పంచాయితీ' సినిమాలో సుమ ఏకంగా శ్రీకాకుళం యాసకే సిద్ధపడ్డారు. బెజవాడ నుంచి వచ్చిన నటులు సైతం తడబడే యాస అది.